చార్మినార్ పీల్చిన గాలి

2019 మే 1 రాత్రి చార్మినార్ నాలుగు మినార్లలో మక్కా మసీదు వైపున్నదాని నుంచి పెద్ద గచ్చు పెళ్ల ఒకటి ఊడి కింద పడింది. మర్నాడు పొద్దున్నే టీవీలో అదే వార్త. కింద చెల్లాచెదురుగా తెల్లటి ముక్కలు, పైన మినార్ ఒంటి మీద చర్మం లేచిపోయినట్టు ఒక మచ్చ. యాంకర్ "చార్మినార్ కూలుతోందా?" అని అడుగుతూ ఉంది. మా నాయిన చేతిలో ఇన్‌హేలర్ పట్టుకుని చూస్తున్నాడు. ఒక పీల్పు పీల్చి, కాసేపు ఊపిరి బిగబట్టి, వదిలి అన్నాడు: "అది గచ్చు బిడ్డా. రాయి కాదు. రాయికేం గాలే."

ఆయన ఇరవై ఆరేళ్ళు ఆటో నడిపాడు. మా ఇల్లు లాల్ దర్వాజాలో. అందులో సగానికి పైగా బతుకు చార్మినార్ చుట్టూ తిరగడంలోనే గడిచింది. శాలిబండ నుంచి మదీనా, మదీనా నుంచి అఫ్జల్‌గంజ్, మళ్ళీ వెనక్కి. రోజుకి ఎన్నిసార్లు ఆ కట్టడాన్ని చుట్టాడో ఆయనే లెక్క పెట్టుకోలేదు. గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేసినా అంత పుణ్యం రాకపోవునని మా అమ్మ ఎగతాళి చేసేది.

ఆ వార్త వచ్చేనాటికి ఏడాది ముందు ఆయనకి సీఓపీడీ అని తేల్చారు. ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి, లోపలికి పోయిన గాలి పూర్తిగా బయటికి రాలేని జబ్బు. డాక్టరు ఎక్స్‌రే చూస్తూ తలెత్తకుండానే అడిగాడు: "ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారు?" నాయినకి కోపం వచ్చింది. "బీడీ గూడ ముట్టలే సార్ నేను." డాక్టరు నమ్మినట్టు లేదు. నా వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా" అన్నాడు. నేనూ అదే చెప్పాను. అప్పుడు అడిగాడు, ఏం పని చేసేవారని. ఆటో అని చెప్పగానే పెన్ను పక్కన పెట్టి, "ఓ" అన్నాడు. ఆ "ఓ" తర్వాత ఆయన ఇంకేమీ అడగలేదు.

నేను చదివింది రసాయనశాస్త్రం. ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఆ పెళ్ల ఊడిన వార్త చూసిన రోజు నుంచి చార్మినార్ ఆరోగ్యం గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. నిజానికి చదవాలనుకున్నది నాయిన గురించి. కానీ ఒక ఆటోడ్రైవరు ఊపిరితిత్తుల చరిత్ర ఎవరూ రాసిపెట్టరు. చార్మినార్ చరిత్ర మాత్రం ఉంది. దాని మీదుగానే వెళ్ళాలి.

*

చార్మినార్ కట్టింది 1591లో, కుతుబ్‌షాహీ వంశంలో అయిదో పాలకుడు మహమ్మద్ కులీ. ఎందుకు కట్టాడంటే జనం చెప్పే కథ ఒకటుంది: ఊళ్ళో మహమ్మారి వచ్చింది, అది తగ్గితే కట్టడం కట్టిస్తానని సుల్తాను మొక్కుకున్నాడు, తగ్గింది, కట్టించాడు. చరిత్రకారులు ఈ కథని పెద్దగా లెక్కలోకి తీసుకోరు. ఆ ఏడాదే హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైంది. కిక్కిరిసిపోయిన గోల్కొండ కోట దాటి, మూసీకి దక్షిణాన కొత్త నగరం వేయాలనుకున్నారు. ఆ నగరానికి నడిబొడ్డు ఈ కట్టడం. పథకం వేసిన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడు. నాకైతే రెండు కథలూ కావాలి. జబ్బు తగ్గినందుకు గుర్తుగా కట్టారని నాలుగు వందల ఏళ్ళుగా జనం అనుకుంటున్న కట్టడమే ఇప్పుడు జబ్బు పడింది కాబట్టి.

చార్మినార్ గురించి మనం మర్చిపోయేది ఒకటుంది. అది సమాధి కాదు, కోట కాదు. పై అంతస్తులో మసీదు ఉన్నా, కింద అది అసలు చౌరస్తా. నాలుగు కమాన్లు నాలుగు దిక్కులకి తెరుచుకుంటాయి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే దారి ఇక్కడి నుంచే. బట్టలు, వజ్రాలు, గుర్రాలు, ధాన్యం... అన్నీ ఈ దారినే. అంటే ఈ కట్టడం పుట్టిందే రాకపోకల కోసం. ట్రాఫిక్ తర్వాత వచ్చి దీన్ని చుట్టుముట్టలేదు. ట్రాఫిక్ నడుమ నిలబడటమే దీని పని.

1660లలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఊళ్ళో దీనంత అందమైనది లేదని మెచ్చుకుని, వెంటనే ఒక ఫిర్యాదు రాసుకున్నాడు. దీని చుట్టూ కర్రలతో కట్టి గడ్డి కప్పిన పళ్ళ దుకాణాలున్నాయట, అవి కట్టడం అందాన్ని చెడగొడుతున్నాయట. చదివి నవ్వొచ్చింది. మూడున్నర శతాబ్దాల తర్వాత పేపర్లలో వచ్చే ఉత్తరాలు కూడా ఇవే. చార్మినార్‌ని చూడటానికి వచ్చినవాళ్ళకి దాని చుట్టూ బతికేవాళ్ళు ఎప్పుడూ అడ్డమే.

కట్టడానికి దెబ్బ తగలడం కూడా కొత్త కాదు. కుతుబ్‌షాహీలు పోయి ఇంకా ఆసఫ్‌జాహీలు రాని మొగలుల కాలంలో నైరుతి మినార్ మీద పిడుగు పడి దెబ్బతింటే అరవై వేల రూపాయలు పెట్టి బాగుచేయించారని, 1824లో లక్ష రూపాయలతో మొత్తం గచ్చు మళ్ళీ పూయించారని చెప్తారు. 2019లో పెళ్ల ఊడింది కూడా నైరుతి మినార్ నుంచే. అంటే గచ్చు ఊడటం, మళ్ళీ పూయడం ఈ కట్టడం బతుకులో భాగమే. మన ఇళ్ళకి పండక్కి సున్నం వేసినట్టు. తేడా ఏమిటంటే, అప్పట్లో శత్రువు పైనుంచి పడే పిడుగు. ఇప్పుడు శత్రువు కింది నుంచి లేస్తుంది, రోజూ, కొద్దికొద్దిగా.

*

గచ్చు అనే మాట దగ్గర కాస్త ఆగుతాను. మన ఇళ్ళల్లో "గచ్చు మీద పడుకోకు, చలువ చేస్తుంది" అనే మాట వినే ఉంటారు. ఇది ఫారసీ "గచ్" నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం జిప్సం, జిప్సంతో చేసే పూత. ఇరాన్‌లో గోడల లోపలి అలంకారమంతా దాంతోనే. మాట దక్కనుకి వచ్చింది గానీ ఇక్కడి వానలకి జిప్సం నిలవదు, నీళ్ళకి కరిగిపోతుంది. అందుకని ఇక్కడి పనివాళ్ళు అదే పేరుతో సున్నం వాడారు. గానుగలో రోజుల తరబడి నూరిన డంగు సున్నం. అందులో బెల్లం, కరక్కాయ నీళ్ళు, కోడిగుడ్డు తెల్లసొన లాంటివి కలిపేవారు. ఒక్కో మేస్త్రీది ఒక్కో పాళ్ళు. చార్మినార్ లోపలి ఎముక గ్రానైటు. పైన కనబడే పూలు, తీగలు, కమాన్ల అంచులు, మినార్ల ఒంటి మీది నగిషీ అంతా గచ్చు.

ఈ గచ్చు ఎలా గట్టిపడుతుందో చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోతుంది. మిగిలింది పొడి సున్నం. నీళ్ళు పోస్తే బుసబుసమని ఉడికి తడి సున్నం అవుతుంది. దాన్ని గోడకి పూస్తే, గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని కొద్దికొద్దిగా తీసుకుంటూ, ఏళ్ళ తరబడి మెల్లగా మళ్ళీ సున్నపురాయి అవుతుంది. అంటే గచ్చు గోడ గాలి పీలుస్తుంది. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. పీల్చకపోతే గట్టిపడదు. దాని బలమంతా గాలి నుంచి వచ్చిందే.

అయితే గోడకి ముక్కు లేదు, ఏ గాలి మంచిదో ఎంచుకోవడం రాదు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఉంటే దాన్నీ పీలుస్తుంది. బొగ్గు, డీజిల్ మండినప్పుడు అందులోని గంధకం ఈ వాయువై బయటికొస్తుంది. గోడ మీది తేమలో కలిసి ఆమ్లమవుతుంది. ఆమ్లం సున్నాన్ని తిని జిప్సంగా మార్చేస్తుంది. జిప్సానికి సున్నపురాయి కన్నా ఎక్కువ చోటు కావాలి. లోపలే ఉబ్బి, పైపొరని నెట్టి, పగులు తెస్తుంది. వాన తగిలే చోట కరిగి కొట్టుకుపోతుంది. వాన తగలని మూలల్లో, చూరుల కింద, నగిషీల సందుల్లో అది కరగదు. బండ్ల పొగలోని మసిని తనలో కలుపుకుని నల్లటి చెక్కు కడుతుంది. ఆ చెక్కు ఒక రోజు పెళ్లగా లేచిపోతుంది, తనతో పాటు చెక్కిన పూవుని కూడా తీసుకుని.

ఇది తెలిసినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇక్కడి వానకి నిలవదని మన మేస్త్రీలు "గచ్" అనే పదార్థాన్ని వదిలేసి సున్నం ఎంచుకున్నారు. పేరొకటే ఉంచుకున్నారు. ఇప్పుడు బండ్ల పొగ ఆ సున్నాన్ని మళ్ళీ "గచ్" చేస్తోంది. మాట తన పాత అర్థానికి వెళ్ళిపోతోంది. కట్టడం మాత్రం నిలవదు.

పొగ ఒక్కటే కారణమని చెప్తే అది అబద్ధం. 2019లో పడిన పెళ్ల విషయంలో వాననీరు ఇంకి గచ్చు బరువెక్కడం కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. బరువు బండ్ల అదురు ఉంది, పావురాల రెట్ట ఉంది, పగుళ్ళలో మొలిచే రావి మొక్కలున్నాయి. మధ్యలో ఎవరెవరో చేసే సిమెంటు అతుకులు ఇంకా పెద్ద హాని. సిమెంటు పీల్చదు. లోపలి తడిని బయటికి పోనివ్వదు. పక్కనున్న సున్నాన్ని కుళ్ళబెడుతుంది. పాత దేవిడీల మరమ్మతులు చేసే మేస్త్రీ ఒకాయనతో ఒకసారి మాట్లాడాను. "పాత గోడకి సిమెంటు కొడితే మనిషికి ముక్కు మూసినట్టేనమ్మా" అన్నాడు. కానీ పొగ ముందే పొరని గుల్ల చేసి పెడితే, వాన చేయాల్సిన పని తక్కువే ఉంటుంది. నాయిన విషయంలో కూడా డాక్టర్లు ఒకే కారణం చెప్పరు. వయసు, చిన్నప్పటి కట్టెల పొయ్యి, దుమ్ము, పొగ. ఏది ఎంత అని ఎవరూ తూకం వేసి చెప్పలేరు. తూకం వేయలేకపోవడం వల్లే ఎవరూ జవాబుదారీ కాకుండా పోతారు.

*

పొగ గురించి మనిషికి ముందే తెలియదా అంటే, తెలుసు. 1661లోనే జాన్ ఎవెలిన్ అనే ఇంగ్లీషాయన లండన్ బొగ్గు పొగ మీద ఒక చిన్న పుస్తకం రాసి రాజుకిచ్చాడు. పొగ మనుషుల ఊపిరితిత్తుల్నీ, చర్చిల గోడల్నీ రెండిటినీ పాడుచేస్తోందని అందులో ఉంది. తెవెనో చార్మినార్ చుట్టూ పళ్ళ దుకాణాలు చూసి విసుక్కున్న కాలమే అది. 1872లో రాబర్ట్ ఆంగస్ స్మిత్ తన పుస్తకంలో ఆమ్ల వర్షం అన్న మాట వాడాడు. మరో ఎనభై ఏళ్ళకి, 1952 డిసెంబరులో, లండన్‌ని అయిదు రోజులు పొగమంచు కమ్మేసింది. చనిపోయినవాళ్ళు నాలుగు వేలని మొదట అన్నారు. తర్వాతి లెక్కలు పన్నెండు వేల దాకా వెళ్ళాయి. తెలియకపోవడం ఎప్పుడూ సమస్య కాదు. రాజుకిచ్చిన పుస్తకం కూడా రాజు దగ్గరే ఉండిపోయింది.

హైదరాబాదులో మోటారు పొగ నెమ్మదిగా వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత 1912లో నగర అభివృద్ధి బోర్డు పెట్టి రోడ్లు వెడల్పు చేశారు, పత్తర్‌గట్టీ కట్టారు. 1932లో నిజాం రైల్వేల కింద రోడ్డు రవాణా మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవాళ చార్మినార్ దగ్గర ఒక గంటలో కనబడే బస్సుల కన్నా అవి ఎక్కువేమీ కావు. లాలా దీన్ దయాళ్ కాలపు ఫోటోల్లో చూస్తే చార్మినార్ చుట్టూ బండ్లు, గుర్రాలు, నడిచే మనుషులు. దుమ్ము ఉండే ఉంటుంది, కట్టెల పొగ ఉండే ఉంటుంది. 1889లో బిగించిన గడియారాలు నాలుగు వైపులా టైము చెప్తూ ఉండేవి. టైముకి ఎక్కడికో చేరాల్సిన తొందర మాత్రం తర్వాత వచ్చింది.

ఆ తొందరలో మా నాయిన కూడా ఒకడు. 1989లో పాలమూరు నుంచి వచ్చాడు. కొన్నాళ్ళు మండీలో మూటలు మోసి, తర్వాత కిరాయి ఆటో తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఆటోలన్నీ టూ స్ట్రోక్. ఈ ఇంజిన్‌కి పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి. లోపల గాలి మారే పద్ధతి వల్ల కొంత పెట్రోలు మండకుండానే, నూనెతో కలిసి పొగగొట్టంలోంచి బయటికొచ్చేస్తుంది. ఆటోల వెనక లేచే ఆ నీలి తెల్లటి పొగ అదే. దాని మీద కొందరు డ్రైవర్లు కిరోసిన్ కలిపేవాళ్ళు, డబ్బు మిగులుతుందని. నువ్వూ కలిపావా అని నాయినని ఒకసారి అడిగాను. చాలాసేపు జవాబు చెప్పలేదు. "నీ ఫీజు కట్టే నెలల్ల కలిపిన" అన్నాడు.

ఈ వ్యాసం రాయడానికి ఇన్నాళ్ళు ఆగింది ఆ మాట దగ్గరే. చార్మినార్ గచ్చుని తిన్న పొగలో మా ఇంటి పొగ కూడా ఉంది. నేను చదివిన రసాయనశాస్త్రం ఖర్చు అక్కడి నుంచే వచ్చింది. బాధితుడొక పక్క, నేరస్థుడొక పక్క నిలబడే కథలు రాయడం తేలిక. ఇక్కడ ఇద్దరూ ఒకే సీటులో కూర్చుని ఉన్నారు.

ఆ సీటు గురించి కూడా చెప్పాలి. ఆటోకి తలుపులుండవు. డ్రైవరు ముక్కు దాదాపు ముందున్న బస్సు సైలెన్సరు ఎత్తులోనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చుట్టూ బండ్లన్నీ కలిసి ఊదిన పొగ మధ్యలో కూర్చుని ఉంటాడు. అందులో పీఎం 2.5 అనే నలుసులుంటాయి. వెడల్పు 2.5 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ. తల వెంట్రుకలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కు వెంట్రుకలు, గొంతులోని జిగురు వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల్లో చివరి గాలి సంచుల దాకా పోతాయి. మరీ చిన్నవి రక్తంలోకి కూడా చేరతాయి. అందుకే పొగ జబ్బంటే దగ్గొకటే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా. 1993లో అమెరికాలో ఆరు నగరాల మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించిన హార్వర్డ్ పరిశోధకులు, అన్నిటికన్నా మురికి గాలి ఉన్న ఊళ్ళో మరణాల రేటు, శుభ్రమైన గాలి ఉన్న ఊరి కన్నా 26 శాతం ఎక్కువని తేల్చారు. సిగరెట్ల లెక్క తీసేసి చూసినా సరే. 2012లో డీజిల్ పొగనీ, 2013లో మొత్తంగా బయటి గాలి కాలుష్యాన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం కాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. పొగాకు ఉన్న జాబితా అదే. మా డాక్టరు వేసిన మొదటి ప్రశ్న పూర్తిగా తప్పు కాదేమో. "ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారు?" ఇరవై ఆరేళ్ళ నుంచి సార్. కాకపోతే వెలిగించింది ఆయన ఒక్కడే కాదు.

ఏడాది సగటున గాలిలో పీఎం 2.5 ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. ఆ హద్దు దాటకుండా ఉన్నా సరే, మనకి "బాగుంది" అనిపించేది అక్కడ ఎనిమిది రెట్లు. 2019లో మన దేశంలో 16.7 లక్షల మరణాలు గాలి కాలుష్యం ఖాతాలోవని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అంత పెద్ద అంకె చదివితే ఏమీ అనిపించదు. రాత్రి మూడింటికి పక్క గదిలోంచి ఈల లాంటి ఊపిరి వినబడితే అనిపిస్తుంది.

*

మన దేశంలో పొగ మీద జరిగిన పెద్ద పోరాటాల్లో ఒకటి ఒక కట్టడం కోసమే. ఎం.సి. మెహతా అనే లాయరు 1984లో తాజ్‌మహల్ పాలరాయి పసుపెక్కుతోందని సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1996 డిసెంబరు 30న తీర్పు వచ్చింది. తాజ్ చుట్టూ 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో 292 పరిశ్రమలు బొగ్గు, కోకు మానేసి గ్యాసుకి మారాలి, లేదా వేరే చోటికి పోవాలి. అక్కడ పనిచేసేవాళ్ళకి కొన్ని రక్షణలు కూడా తీర్పులో రాశారు. పాలరాయి కూడా కాల్షియం కార్బనేటే. చార్మినార్ గచ్చుకీ దానికీ ఒంట్లో ఉన్నది ఒకటే పదార్థం. అయినా తాజ్ తెల్లగా ఉంటుంది కాబట్టి మరక కనబడుతుంది. 2014 చివర్లో వచ్చిన ఒక అధ్యయనం, ఆ మరకకి దుమ్ముతో పాటు చెత్త, కట్టెలు, ఇంధనాలు మండగా వచ్చే మసి కారణమని చూపించింది. అక్కడ ముల్తానీ మట్టి పట్టీలు వేసి కడుగుతారు, పెళ్ళికూతురి మొహానికి వేసినట్టు. గచ్చు నగిషీకి అలాంటి పట్టీ వేసి లాగితే పూవు కూడా ఊడొస్తుంది.

ఏథెన్స్‌లో ఇంకో దారి పట్టారు. అక్రోపొలిస్ మీది ఎరెక్థియాన్ గుడి పైకప్పుని తల మీద మోసే రాతి స్త్రీల శిల్పాల్లో అక్కడ మిగిలిన వాటిని 1979లో పొగ నుంచి కాపాడటానికి మ్యూజియం లోపలికి తీసుకుపోయి, వాటి చోట నకళ్ళు పెట్టారు. చార్మినార్‌ని లోపల పెట్టే మ్యూజియం లేదు. లోపల పెట్టాల్సింది పొగని.

కొంత పని జరిగింది కూడా. అది చెప్పకపోతే అన్యాయం. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. పిల్లల మెదళ్ళని దెబ్బతీసే విషం ఒకటి గాలిలోంచి తగ్గింది. ఆటోలు ఎల్‌పీజీకి మారాయి. నాయిన కూడా మారాడు, అప్పు చేసి. ఒకప్పుడు డీజిల్‌లో గంధకాన్ని శాతాల్లో కొలిచేవాళ్ళు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో అది పది లక్షల పాళ్ళలో పది పాళ్ళు. గోడని తినే సల్ఫర్ డయాక్సైడ్ ఆ మేరకి తగ్గినట్టే. కానీ బండ్లు పెరిగాయి, నైట్రోజన్ ఆక్సైడ్లూ మసీ ఉండనే ఉన్నాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లమై సున్నాన్ని కరిగిస్తాయి. అంతకన్నా ముందు, ఇప్పటికే జిప్సంగా మారిపోయిన పొర తిరిగి సున్నం కాదు. మూసుకుపోయిన ఊపిరి గొట్టాలు కూడా అంతే. డాక్టరు చెప్పిన మాట ఇదే: "ఇప్పుడున్నది కాపాడుకోవడం తప్ప, పోయింది తిరిగి రాదమ్మా."

ఇంకొకటి కూడా చేశారు. చార్మినార్ చుట్టూ బండ్లు తిరగడం ఆపేశారు. ఏళ్ళ తరబడి నానిన పథకం చివరికి అమలైంది. చుట్టూ రాళ్ళు పరిచారు. ఇప్పుడక్కడ పిల్లలు పరిగెడతారు, జంటలు ఫోటోలు దిగుతారు, చెరుకురసం తాగుతారు. కట్టడానికి మంచిదే, ఎవరూ కాదనరు. కానీ ఆ చుట్టుమలుపు మీద బతికిన ఆటోవాళ్ళు, తోపుడు బండ్లవాళ్ళు పక్క సందుల్లోకి జరిగారు. వాళ్ళతో పాటే పొగ కూడా జరిగింది. చార్మినార్ చుట్టూ గీసిన గీత అవతల ఊపిరి పీల్చేది మనుషులే. కట్టడానికి ఒక గీత గీయడం కుదిరింది. మనిషికి ఎక్కడ గీస్తారు?

*

పోయిన చలికాలం నాయిన చార్మినార్ చూద్దామన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. ఆయన జీవితంలో దాన్ని "చూడటానికి" ఎప్పుడూ పోలేదు. ఉప్పల్ నుంచి క్యాబులో మదీనా దాకా వెళ్ళాం. అక్కడి నుంచి నడవాలి. ఒకప్పుడు ఆయన మూడు నిమిషాల్లో దాటించే దూరం. పత్తర్‌గట్టీలో రెండుసార్లు, చార్ కమాన్ దగ్గర ఒకసారి, గుల్జార్ హౌజ్ దగ్గర ఒకసారి ఆగాం. ఆగినప్పుడల్లా దుకాణాలు చూస్తున్నట్టు నిలబడేవాడు, ఎవరికీ తెలియకుండా. ఆయన ఊపిరితిత్తులు చెడింది ఈ రోడ్డు మీదే. ఇప్పుడు ఈ రోడ్డు శుభ్రపడింది కాబట్టి ఆయన నడవాలి. నడవడానికి ఊపిరి లేదు.

చార్మినార్ ముందు ఒక అరుగు మీద కూర్చున్నాం. పైకెక్కుతావా అని అడగలేదు, 149 మెట్లు. ఆయన నైరుతి మినార్ వైపు చూస్తూ ఉన్నాడు. అతికిన చోట కొత్త సున్నం కాస్త తెల్లగా తెలుస్తోంది.

"మంచిగనే అతికిన్రు," అన్నాడు. "ఎన్నేండ్లు పట్టుద్ది ఎండనీకి?"

ఏళ్ళే పడుతుందని చెప్పాను. గాలి పీలుస్తూ గట్టిపడుతుందని, లోపలి దాకా రాయి కావడానికి చాలా కాలం పడుతుందని, సిమెంటులా రాత్రికి రాత్రి కాదని.

"గాలి పీల్చి గట్టిపడుద్దా?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గేదాకా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చుట్టూ పావురాలు లేచి మళ్ళీ వాలాయి.

తిరిగి నడవలేనన్నాడు. పక్క సందు దాకా మెల్లగా వచ్చి ఆటో ఎక్కాం. పాతికేళ్ళ కుర్రాడు నడుపుతున్నాడు. సందు ఇరుకు, ముందొక డీసీఎం వ్యాను కదలకుండా పొగ వదులుతోంది. నాయిన ముందుకి వంగి ఆ అబ్బాయి భుజం తట్టాడు.

"ఎన్నేండ్ల సంది నడుపుతున్నవ్ తమ్మీ?"

"నాలుగేండ్లు చాచా."

"ముక్కుకి దస్తీ కట్టుకో," అన్నాడు నాయిన. జేబులోంచి తన దస్తీ తీసి ముందుకి చాపాడు.